ఆదాయానికి మించిన జ్ఞాపకం

వంతెనల కింది ఖాళీ స్థలాల పరిరక్షణ శాఖలో సీనియర్ అసిస్టెంటుగా పనిచేసే ముమ్మిడి వరహాలరావు మీద, ఆదాయానికి మించిన జ్ఞాపకం కలిగి ఉన్నాడన్న అభియోగం ఒక ఆదివారం పొద్దున కాఫీ చల్లారేలోపల ఖాయమైపోయింది. అంతకుముందు ఆయన మీద ఏ అభియోగమూ లేదు. జ్ఞాపకశక్తి విషయంలో చెప్పుకోదగ్గ పేరు కూడా లేదు. బజారుకెళ్ళి, సంచీ కొట్లోనూ కూరలు ఆటోలోనూ వదిలేసి, ఒట్టి చేతుల్తో ఇంటికొచ్చి భార్యని మంచినీళ్ళడిగే మనిషి.

ఆ జ్ఞాపకం దొరికిన కంప్యూటరు కూడా నిజానికి ఆయనది కాదు, ఆయన భార్య హైమావతిది. కాకినాడలో వాళ్ళుండే అపార్టుమెంటులోనే, ముందు గదిలో కూర్చుని ఆవిడ శుభలేఖలు తయారుచేస్తుంది. ఈ మధ్య పెళ్ళివారికి అక్షరాలూ వినాయకుడూ చాలడం లేదు. ఏనుగులు కావాలి, అరటి గెలలు కావాలి, పెళ్ళికొడుకు గుర్రం మీద ఉండాలి, పోయిన తాతగార్లు మబ్బుల్లోంచి అక్షింతలు వేస్తూ ఉండాలి. ఇంత బలగమూ ఎక్కేసరికి ఆ పాత కంప్యూటరుకి ఆయాసం వచ్చేది. అందుకని ఆ ఆదివారం ఆవిడ రిపేర్లు చేసే బాజీని పిలిపించింది.

బాజీ డబ్బా విప్పి, దుమ్ము ఊది, తెర మీద ఏవో అంకెలు చూసి పెదవి విరిచాడు.

“అమ్మా, ఇందులో మెమరీ నాలుగే ఉందండి. మీ బొమ్మలేమో తొమ్మిది అడుగుతున్నాయండి. ఆ మిగతా అయిదూ వర్చువల్ మెమరీ అన్నమాట. అంటే లేనిదాన్ని ఉన్నట్టు చూపించుకుని బండి లాగించేత్తదండి. అందుకే నెమ్మది.”

“అయితే అది తీసేస్తే మంచిదా, ఉంచితే మంచిదా?” అని అడిగింది హైమావతి.

“కొంతమంది తీసెయ్యమంటారండి, స్పీడు పెరుగుద్దని. కొంతమంది తీసేత్తే మొత్తానికే పడుకుంటదంటారండి. నేను కస్టమరు ఎలాగంటే అలాగంటానండి.”

ఈ సంభాషణ అంతటితో ముగిసేదే. కానీ సోఫాలో శేషశయనం గారున్నారు. ఆయన పై అంతస్తులో ఉంటారు. వరహాలరావు పనిచేసే శాఖలోనే డిప్యూటీ డైరెక్టరు, విజిలెన్సు వ్యవహారాలు చూస్తారు. ప్రతి ఆదివారం పేపరు కోసం కిందికొచ్చి కాఫీ కోసం ఆగుతారు. ‘ఉన్నదానికంటే ఎక్కువ’ అన్న మాట ఎక్కడ వినబడినా ఆయన చెవులు వాటంతటవే నిక్కపొడుచుకుంటాయి.

“ఏమన్నావోయ్? ఉన్నదెంత?”

“నాలుగండి.”

“వాడుతున్నది?”

“తొమ్మిదండి.”

“ఆ అయిదూ ఎక్కణ్ణుంచి వస్తున్నాయి?”

“డిస్కులోంచండి. సామాన్లు దాచుకోడానికున్న జాగా కొంచెం తీసి మెమరీ కింద వాడేసుకుంటదండి.”

“అంటే ఒక పద్దు కింద కేటాయించిన జాగాని ఇంకో పద్దుకి మళ్ళించడం. ఎవరి అనుమతితో?”

“దానంతటదేనండి.”

“దానంతటదే!” శేషశయనం గారి మొహంలో పెళ్ళికళ వచ్చింది. కప్పు కిందపెట్టి, ఎంతో ఆప్యాయంగా వరహాలరావు భుజం తట్టారు. “కాఫీ చాలా బావుందోయ్. రేపు ఆఫీసుకి రాగానే నీకు చార్జి మెమో ఇస్తాను.”

ఆయన మాట తప్పే మనిషి కాదు. మర్నాడు మెమో వచ్చింది.

“విషయము: శ్రీ ముమ్మిడి వరహాలరావు, సీనియర్ అసిస్టెంటు, స్వగృహమునందు ఆదాయమునకు మించిన జ్ఞాపకము కలిగియుండుట గురించి. పై విషయమునకు సంబంధించి తెలియజేయునది ఏమనగా, నాలుగు ప్రమాణముల స్మృతిని మాత్రమే కొనుగోలు చేసిన తాము తొమ్మిది ప్రమాణములను అనుభవించుచున్నట్లును, అధికముగా నున్న అయిదును మిథ్యా స్మృతి యైనట్లును ఈ కార్యాలయము దృష్టికి వచ్చినది. లేనిదానిని ఉన్నట్లు చూపుట ప్రభుత్వమునకు మాత్రమే గల అధికారము. దానిని తాము స్వగృహమునందు చెలాయించినందులకు తమపై చర్య ఏల తీసుకొనరాదో తెలుపవలెను.”

సూపరింటెండెంటు ప్రమోషన్ల జాబితాలో వరహాలరావు పేరే మొదటిది. మెమో పెండింగులో ఉంటే ప్రమోషను రాదు. ఆ మెమో జేబులో పెట్టుకుని ఇంటికొచ్చి, చొక్కా విప్పకుండానే కంప్యూటరు ముందు నేరస్థుడిలా నిలబడ్డాడు.

“దీనికింత బెంగెందుకండీ? తీసేయిస్తే పోలా?” అంది హైమావతి. బాజీ వచ్చి, కస్టమరు ఎలాగంటే అలాగన్నాడు. వర్చువల్ మెమరీ తీసేశాడు.

అప్పట్నుంచి కంప్యూటరు తెర మీద పెళ్ళికూతురైనా ఉంటోంది, పెళ్ళికొడుకైనా ఉంటున్నాడు. ఇద్దర్నీ ఒక కార్డు మీదికి తెచ్చేసరికి జ్ఞాపకం చాల్లేదని చెప్పి మూసుకుపోతోంది. తాళ్ళరేవు పెళ్ళివారి శుభలేఖ అలా నాలుగైదుసార్లు పోయింది. హైమావతి మళ్ళీ మళ్ళీ మొదట్నుంచి చేసింది. చివరికి పెళ్ళివారికి ఫోన్ చేసి, “రెండు కార్డులు వేద్దామాండీ, ఆయనకొకటీ ఆవిడకొకటీ?” అని అడిగితే, వాళ్ళు శకునం మాట తీసి గట్టిగా కేకలేశారు.

ఇంతలో రెండో మెమో వచ్చింది. విచారణలో ఉన్న మిథ్యా స్మృతిని తొలగించుట సాక్ష్యమును నాశనము చేయుటయే యగునట. బాజీ వచ్చి మళ్ళీ పెట్టాడు. మూడో మెమో వచ్చింది. అభియోగము నమోదైన పిమ్మట కూడ మిథ్యా స్మృతిని అనుభవించుట ధిక్కారమట.

వరహాలరావు వెళ్ళి శేషశయనం గారి ముందు చేతులు కట్టుకున్నాడు. “ఉంచమంటారాండీ, తీసెయ్యమంటారాండీ?”

“అది పూర్తిగా నీ ఇష్టమోయ్,” అన్నారు శేషశయనం గారు ఉదారంగా. “నీ సొంత కంప్యూటరు, మేం కలగజేసుకోం. ఏం చేసినా తప్పే. ఏది చేస్తావో ముందుగా చెబితే ఏ సెక్షను కింద రాయాలో చూసుకుంటాం.”

వారం తిరక్కుండా తనిఖీ బృందం ఇంటికొచ్చింది. మొత్తం కంప్యూటరు తీసుకెళ్ళే అధికారం వాళ్ళకి లేదు. అందులో నాలుగు న్యాయంగా కొన్నవి. అక్రమంగా ఉన్న అయిదే స్వాధీనం చేసుకోవాలి. అటెండరు నూకరాజు ఒక ఖాకీ కవరూ, లక్కా, కొవ్వొత్తీ పట్టుకుని సిద్ధంగా నిలబడ్డాడు.

“ఏదీ, ఆ అయిదూ తీసి ఇందులో వెయ్యి,” అన్నారు శేషశయనం గారు బాజీతో.

“చేత్తో తీసేది కాదండి అది. కంప్యూటరు నడిత్తేనే పనిచేత్తదండి. ఆపేత్తే ఇంక అందులో ఏం ఉండదండి.”

“ఆపు.” బాజీ ఆపాడు. “ఇప్పుడేదీ?” “ఇప్పుడు లేదండి.”

“చూశారా! అధికారులు చెయ్యి వెయ్యబోతే మాయమవడం, వెళ్ళిపోగానే తిరిగి రావడం!”

ఆ విధంగా మిథ్యా స్మృతి పరారీలో ఉన్నట్టు ప్రకటించి, తలుపు మీద నోటీసు అంటించారు. ‘రంగు: తెలియదు. ఎత్తు: తెలియదు. చివరిసారిగా కనిపించిన చోటు: కనిపించలేదు.’ రెండు రోజులపాటు అపార్టుమెంటులో పిల్లలెవరూ ఒంటరిగా లిఫ్టు ఎక్కలేదు.

వ్యవహారం ఇంతదాకా వచ్చాక, తుది విచారణ కమిషనరు ఇందుమతి గారి ముందుకెళ్ళింది. ఇందుమతి గారు చాలా తెలివైన మనిషి. ఒక ఆలోచన పట్టుకుంటే దాని చిట్టచివరి గది దాకా వెళ్ళి దీపం పెట్టిగాని వెనక్కి రారు. క్రితం వేసవిలో కరెంటు పొదుపు మీద ఆసక్తి కలిగి, ఆఫీసులో ప్రతి ఫ్యానుకీ ఒక రెక్క తీయించారు.

“భయపడకండి,” అన్నారావిడ వరహాలరావుతో. “అసలు వర్చువల్ మెమరీ అంటే ఏమిటో మీ మాటల్లో చెప్పండి.”

వరహాలరావు నాలుగు రోజులుగా దీనికే తయారవుతున్నాడు. “మేడమ్, నా టేబులు చిన్నదండి. ఫైళ్ళన్నీ దాని మీద పట్టవండి. అందుకని కావలసినవి టేబులు మీద ఉంచుకుని, మిగతావి బీరువాలో పెడతానండి. పనిబడినప్పుడు ఇది లోపలికీ అది బయటికీ. కంప్యూటరు చేసేదీ అంతేనండి. అందులో దోషమేం లేదండి.”

గదిలో అందరూ మెచ్చుకోలుగా తలూపారు. ఇందుమతి గారు ఊపలేదు. ఆవిడ మెల్లిగా తల తిప్పి, గోడ వెంబడి వరసగా నిలబడ్డ బీరువాల వైపు చూశారు.

“అయితే ఇవి?”

ఆవిడ చూపు బీరువాల మీంచి డిప్యూటీ డైరెక్టరు గారి మీదికి దిగింది.

“శేషశయనం గారూ, మీ దగ్గరున్న ఫైళ్ళలో ఎన్నింట్లో ఏముందో మీ బుర్రలో ఉంది?”

“సందర్భాన్ని బట్టి మేడమ్...”

“అంటే బుర్రలో లేనిదాన్ని బీరువాలో పెట్టుకుని, ఉన్నట్టు చూపించుకుంటున్నారు. ఒక చిరుద్యోగి ఇంట్లో అయిదే అయిదు దొరికాయని తలుపు మీద నోటీసు అంటించాం. ఇక్కడ శాఖ మొత్తం మిథ్యా స్మృతి మీద నడుస్తోంది!”

శేషశయనం గారి మొహం పాలిపోవడం చూసి వరహాలరావుకి జీవితంలో ఎన్నడూ లేనంత సంతోషం కలిగింది. అది సాయంత్రం దాకా ఉంది. సాయంత్రం ‘సొంత బుర్ర’ పథకం ప్రకటించారు.

పథకం చాలా సులువు. బుర్రలో పట్టినంతే జ్ఞానం, పట్టనిది అక్రమం. కాగితం, కలం, డైరీ, క్యాలెండరు, గోడ మీద రాసుకున్న ఫోన్ నంబర్లు, అన్నీ మిథ్యా స్మృతే. బీరువాలు లారీలకెత్తారు. ఎక్కడికి తీసుకెళ్ళాలని డ్రైవర్లు అడిగితే, మన శాఖకి ఖాళీ స్థలాలకి కొదవా, ఏదో ఒక వంతెన కింద దించెయ్యండన్నారు. కలాలన్నీ ఒక గోనెసంచిలో వేసుకుని పట్టుకుపోయారు. లారీలు కదలకముందే ఒక్కో ఫైలూ చదివించి, ఒక్కో ఉద్యోగికి బట్టీ పట్టించారు. పథకం తాలూకు ఉత్తర్వు కూడా కాగితం మీద లేదు. నూకరాజుకి నేర్పించారు. అతను ప్రతి గుమ్మంలోనూ నిలబడి రాగయుక్తంగా వినిపించాడు.

ఇక మీదట ఫైలంటే మనిషే. కమిషనరు గారు పిఠాపురం రోడ్డు వంతెన ఫైలు అడిగితే, నూకరాజు వెళ్ళి ఆ గుమాస్తా రెక్క పట్టుకుని తీసుకొచ్చి టేబులు మీద కూర్చోబెట్టేవాడు. అధికారి వ్యాఖ్య రాయాలంటే వంగి అతని చెవిలో చెప్పేవారు. అర్జంటు ఫైళ్ళకి చొక్కా జేబుకి ఎర్ర గుడ్డముక్క పిన్నుతో గుచ్చేవారు. పెండింగు ఫైళ్ళు వరండాలో ఒకరినొకరు ఆనుకుని కూర్చునేవి. వాటిలో గోడ పక్కన పడిపోయిన ఒక ఫైలు, కాళ్ళు తిమ్మిరెక్కి లేవలేక, మీద ఆనుకున్నవాళ్ళని జరగమని బతిమాలుకునేది. పొద్దున్నే నూకరాజు ఈకల కట్ట తీసుకొచ్చి అందరికీ దుమ్ము దులిపేవాడు. జాంపేట వంతెన ఫైలుకి చక్కిలిగింతలు ఎక్కువ. దాన్ని దులుపుతుంటే రోజూ వరండా అంతా నవ్వులే.

వరహాలరావుకి జిల్లాలోని వంతెనలన్నీ ఒప్పజెప్పారు. పొడుగులూ వెడల్పులూ హద్దులూ సర్వే నంబర్లూ. అవి నేర్చుకుంటుండగా ఇంకో చిక్కొచ్చింది. ఆయన మీద ఉన్న క్రమశిక్షణ కేసు ఫైలు ఎవరి బుర్రలో పెట్టాలి? అందరి బుర్రలూ నిండిపోయాయి.

“ఇందులో ఆలోచించేదేముంది?” అన్నారు ఇందుమతి గారు. “ఈయనకి ఆదాయానికి మించిన జ్ఞాపకం ఉందని మనమే తేల్చాం కదా. ఈయనలోనే పెట్టండి.”

శేషశయనం గారు తలుపులు మూయించి, వరహాలరావుని ఎదురుగా కూర్చోబెట్టారు.

“ఇది రహస్య ఫైలు. నువ్వు ముద్దాయివి. ముద్దాయి ఈ ఫైలు చూడకూడదు.”

“చూడనండి.”

“గుర్తుంచుకోవాలి. కానీ గుర్తు తెచ్చుకోకూడదు.”

“అలాగేనండి.”

ఆపైన ఆయన మెమోలన్నీ మొదట్నుంచి చివరిదాకా వరహాలరావు చెవిలో చదివారు. వరహాలరావు నిజాయితీపరుడు. రోజూ హాజరు తీసేటప్పుడు “ఫైలు చూశావా?” అని అడిగితే “లేదండి, ఆ వైపుకే వెళ్ళలేదండి,” అని చెప్పేవాడు. అది నిజమే కూడా.

ఆ వారం చివర్లో ఇందుమతి గారికి ఇంకో విషయం తట్టింది. ఆఫీసు ఫైళ్ళు ఇంటికి పట్టుకెళ్ళడం నిషేధం. అది పాత నిబంధనే, ఎవరూ కాదనలేరు. ఆ సాయంత్రం అయిదింటికి అందరూ టిఫిను క్యారేజీలు పుచ్చుకుని గేటు దగ్గరికొచ్చేసరికి నూకరాజు అడ్డంగా నిలబడ్డాడు.

“ఫైళ్ళు బయటికెళ్ళడానికి లేదండి. నన్నేం అనకండి. నేనూ ఉత్తర్వునేనండి. నాక్కూడా లేదండి.”

మర్నాడు గేటు దగ్గర ఆడవాళ్ళంతా పోగయ్యారు. కొందరు ఏడ్చారు, కొందరు తిట్టారు. హైమావతి ఈ రెండూ చెయ్యలేదు. అన్నం క్యారేజీ పట్టుకుని, ఊచల్లోంచి శేషశయనం గారిని పిలిచింది. విజిలెన్సు ఫైళ్ళు తనలోనే ఉండటం వల్ల ఆయనా లోపలే ఉండిపోయారు. గడ్డం పెరిగింది.

“అన్నయ్యగారూ, ఫైలు చూసే హక్కు జనానికి ఉందా లేదాండీ?”

“ఎందుకు లేదమ్మా? ఆఫీసు వేళల్లో, సంబంధిత గుమాస్తా సమక్షంలో.”

“గుమాస్తా ఈయనే కదండీ.”

శేషశయనం గారు నిబంధనలన్నీ మనసులో ఒకసారి తిప్పిచూసుకున్నారు. దారి వదిలారు. హైమావతి వరండాలో మొగుడి పక్కన కూర్చుని ముద్దపప్పూ ఆవకాయా కలిపి పెట్టసాగింది.

“ఫైలుకి అన్నం పెట్టడమేమిటమ్మా?” అన్నారు శేషశయనం గారు, క్యారేజీ వైపు చూస్తూ.

“చెదలు పట్టకుండానండి,” అని, ఆయనకీ ఒక ముద్ద ఇచ్చింది.

అలా రోజూ వచ్చేది. ఇంటి సంగతులు చెప్పేది. “మీ కేసు మీ బుర్రలోనే ఉందిగా, ఇంకెవరికీ గుర్తులేదు. అందుకని బాజీని పిలిచి ఆ వర్చువల్ మెమరీ శుభ్రంగా ఉంచెయ్యమన్నానండి. తాళ్ళరేవు పెళ్ళికూతురూ పెళ్ళికొడుకూ ఒక కార్డు మీదికొచ్చేశారు. గుర్రం కూడా వచ్చింది.” తలుపు మీద నోటీసు పీకేశానని కూడా చెప్పింది. వరహాలరావు వింటూ తలూపేవాడు. కానీ రోజురోజుకీ ఆయన చూపు ఎక్కడో దూరంగా, పొడుగూ వెడల్పూ కొలుస్తున్నట్టు ఉండేది.

ఒక మధ్యాహ్నం ఆయన ముద్ద మింగి అడిగాడు. “హైమా, మన పెళ్ళి ఏ ఊళ్ళో అయిందే?”

హైమావతి చెయ్యి క్యారేజీలోనే ఆగిపోయింది. “అదేమిటండీ? సామర్లకోటలో.”

“ఆ... సామర్లకోట.” ఆయన మొహం వెలిగింది. “అక్కడ రైలు పట్టాల మీది వంతెన మనదే. కింద ఉత్తరం వైపు పిల్లకాలవ హద్దు.”

జిల్లాలో సగం మంది పెళ్ళిళ్ళకి శుభలేఖలు వేసిన హైమావతి క్యారేజీకి మూత పెట్టేసింది. కళ్ళ నీళ్ళు కొంగుతో అద్దుకుని, లేచి తిన్నగా శేషశయనం గారి దగ్గరికెళ్ళింది.

“అన్నయ్యగారూ, ఫైలన్నాక ఎప్పటికీ ఆఫీసులోనే ఉండిపోవాలాండీ?”

“ఎందుకుంటుంది? కేసు ముగిస్తే రికార్డు గదికి పోతుంది. రికార్డు గది బీరువాలతో పాటే పోయింది కాబట్టి ఇప్పుడు నేరుగా పాతకాగితాల వేలానికి.”

“అయితే ఈ కేసు ముగించెయ్యండి.”

ఎవరైనా ఒక పని ముగించమని అడగడం శేషశయనం గారి ఉద్యోగ జీవితంలో అదే మొదలు. కొంచెం కంగారుపడ్డారు. కానీ ముద్దపప్పు రుణం ఉంది. మర్నాడే వరహాలరావుని కమిషనరు గారి టేబులు మీద కూర్చోబెట్టారు. హైమావతి బయట కిటికీ దగ్గర నిలబడింది.

“ఈ ఫైల్లో ఏముంది?” అని అడిగారు ఇందుమతి గారు.

“తెలీదండి. నేను చూడకూడదండి.”

“మీరు చూడకండి. చదవండి.”

వరహాలరావు కళ్ళు గట్టిగా మూసుకుని చదివాడు. తన మీద మోపిన ప్రతి అభియోగాన్నీ, ప్రతి సెక్షనునీ, ‘తమపై చర్య ఏల తీసుకొనరాదో’ అన్న చోట గొంతు పెంచి మరీ, ఒక్క అక్షరం పొల్లుపోకుండా ఒప్పజెప్పాడు. తన రచన అంత చక్కగా వినబడటం చూసి శేషశయనం గారి కళ్ళు చెమర్చాయి.

“ముద్దాయి సంజాయిషీ ఏది?”

“రాలేదండి,” అన్నాడు వరహాలరావు కళ్ళు తెరవకుండానే.

“ముద్దాయిని పిలవండి.”

నూకరాజు వరండాలోకి వెళ్ళి గొంతెత్తాడు. “ముమ్మిడి వరహాలరావూ! ముమ్మిడి వరహాలరావు హాజర్!”

టేబులు మీద వరహాలరావు ఉలిక్కిపడ్డాడు. ఎవరైనా పిలిస్తే పలకడం ఆయనకి పుట్టుకతో వచ్చిన అలవాటు. నోరు తెరవబోయి కిటికీ వైపు చూశాడు. హైమావతి కళ్ళు పెద్దవి చేసి, తల అడ్డంగా ఆడిస్తోంది. ఫైలు పలకదు. ఆయన నోరు మూసుకుని, ఊపిరి కూడా కాగితం పీల్చినంతే పీల్చాడు. నూకరాజు మళ్ళీ పిలిచాడు. ఇంకోసారీ పిలిచాడు.

“లేడండి,” అన్నాడు లోపలికొచ్చి.

ఇందుమతి గారు వేళ్ళు మడిచి లెక్కపెట్టారు. “మిథ్యా స్మృతి పరారీలో ఉంది. ముద్దాయి ఆచూకీ లేదు. ఇద్దరూ లేనప్పుడు ఇంక కేసెక్కడుంది? ముగించండి. ఫైలు డిస్పోజల్‌కి పంపండి.”

ఆ మధ్యాహ్నమే ఆవరణలో వేలం. పాతకాగితాలు కొనే సత్తిరాజు తక్కెడ పట్టుకొచ్చాడు. అలవాటు ప్రకారం వరహాలరావు భుజం మీద వేలితో నొక్కి చూసి, “తడుందండి. తరుగు తియ్యాల,” అన్నాడు.

“నాకు తరుగొద్దు. ఉన్నది ఉన్నట్టు నేను తీసుకుంటాను,” అంది హైమావతి. కిలో లెక్కన తూయించి, పాత పేపర్ల ధరకే కొని, ఆటోలో ఇంటికి తీసుకుపోయింది. దారిపొడుగునా మొగుడి చెయ్యి వదల్లేదు.

ఈ కబురు గేటు దగ్గర ఆడవాళ్ళకి చేరడానికి ఎంతోసేపు పట్టలేదు. ప్రతి ఒక్కరూ తమవాళ్ళ ఫైలు ముగించమని అర్జీ పెట్టుకున్నారు. శాఖ పుట్టిన తరవాత పెండింగన్నది లేకుండా పోవడం అదే మొదటిసారి. పత్రికలు మెచ్చుకున్నాయి. జాంపేట వంతెన ఫైలుని వాళ్ళమ్మ కొనుక్కుంది. ఉత్తర్వు మోస్తున్న నూకరాజుని వాళ్ళావిడ బేరమాడి మరీ తీసుకుపోయింది. దాంతో సొంత బుర్ర పథకాన్ని రద్దుచెయ్యడం అసాధ్యమైంది. ఉత్తర్వుని రద్దుచెయ్యాలంటే ముందు ఉత్తర్వు ఉండాలి కదా. చివరికి శాఖలో ఇందుమతి గారూ శేషశయనం గారూ మాత్రమే మిగిలారు. సరిగ్గా అప్పుడే, శాఖ అధీనంలో ఎన్ని వంతెనలున్నాయో, ఎక్కడెక్కడున్నాయో వెంటనే తెలపమని ప్రభుత్వం నుంచి కబురొచ్చింది.

ఇటు ఇంటి దగ్గర వరహాలరావు కోలుకుంటున్నాడు. మొదట్లో నిద్ర లేవగానే సర్వే నంబర్లు చదివేవాడు. హైమావతి వినేది, కాఫీ ఇచ్చేది, పక్కన కూర్చుని తను తయారుచేస్తున్న శుభలేఖలు చూపించి ఎవరి పెళ్ళో చెప్పేది. ఒక రోజు తెర మీద విడిదింటి బొమ్మ చూస్తూ, “మన పెళ్ళిలో మీ బాబాయి వడియాలు వెయ్యలేదని అలిగి స్టేషనుకెళ్ళిపోయాడు కదే?” అని పకపకా నవ్వాడు. ఆ రోజు హైమావతి సగ్గుబియ్యం పాయసం చేసింది.

గేటు దగ్గర ఆపడానికి నూకరాజు కూడా లేడు కాబట్టి, ఆ మర్నాడే అధికారులిద్దరూ ఇంటికొచ్చారు. వరహాలరావు వంటింట్లో పెసరట్టు తింటున్నాడు. కమిషనరు గారి గొంతు వినగానే చెయ్యి కడుక్కుని పరిగెత్తబోతే, హైమావతి భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టి, తలుపు దగ్గరగా వేసి ముందుగదిలోకి వచ్చింది.

“మీ ఆయన కావాలమ్మా,” అన్నారు ఇందుమతి గారు.

“మనిషిగానాండీ, ఫైలుగానాండీ?”

అధికారులిద్దరూ బాల్కనీలోకి వెళ్ళి చర్చించుకున్నారు. మనిషిగా అయితే విచారణకి హాజరు కాని ముద్దాయి. పట్టుకుంటే మళ్ళీ కేసు తెరవాలి, దానికి ఫైలు కావాలి. ఫైలుగా అయితే వేలంలో అమ్మేశారు.

“ఫైలుగానే,” అన్నారు ఇందుమతి గారు తిరిగొచ్చి. “తిరిగి అమ్ముతావా?”

“అమ్మనండి. కావాలంటే అద్దెకిస్తాను. పొద్దున్న పదింటికి తీసుకెళ్ళి సాయంత్రం అయిదింటికి మళ్ళీ తెచ్చి ఇవ్వాలి. అద్దె నెలకి సూపరింటెండెంటు జీతమెంతో అంత.”

“పాతకాగితానికి సూపరింటెండెంటు జీతమా!” అని శేషశయనం గారు సోఫాలోంచి లేచిపోయారు.

“కూర్చోండి,” అన్నారు ఇందుమతి గారు. ఆవిడ ఆలోచన అప్పటికే చివరి గదికి చేరుకుంది. “ఆ కాగితం లేకపోతే మన శాఖ ఎక్కడెక్కడుందో మనకే తెలీదు. ఒప్పుకుంటున్నాం.”

“ఇంకొన్ని షరతులున్నాయండి. రాసుకోడానికి మీకు వీల్లేదు కదా, అన్నయ్యగారు నేర్చుకోవాలి. మడతలు పడకూడదు. మీద టీ గ్లాసులు పెట్టకూడదు. ఎవరైనా విసిరేసినట్టు మాట్లాడకూడదు. తడవకూడదు. చెప్పండి, ఒకసారి వింటాను.”

శేషశయనం గారు చేతులు కట్టుకుని చెప్పారు. టీ గ్లాసుల దగ్గర తడబడితే హైమావతి మళ్ళీ చెప్పించింది. వంటింట్లో వరహాలరావు రెండో పెసరట్టు వడ్డించుకున్నాడు.

సోమవారం పొద్దున్న శేషశయనం గారు పై అంతస్తు నుంచి దిగివచ్చి, తలుపు తట్టి, వరహాలరావుని రెండు చేతులతోనూ జాగ్రత్తగా పట్టుకుని మెట్లు దింపారు. వీధిలోకి వచ్చేసరికి జల్లు మొదలైంది. గొడుగు ఒకటే ఉంది. ఆయన ఒక్క క్షణం ఆలోచించి, పెదవులు కదుపుతూ షరతులన్నీ లోపల్లోపల చదువుకుని, గొడుగు విప్పి పూర్తిగా వరహాలరావు నెత్తిన పట్టారు. ఆయన మాత్రం పక్కనే, చొక్కా ఒంటికి అతుక్కుపోయేలా తడుస్తూ, అడుగులో అడుగేసుకుంటూ ఆఫీసు దాకా నడిచారు.